హైదరాబాదు నగరం – వృత్తులు, మనుషులు, మాటలు

హైదరాబాదు నగరాన్ని గురించి వ్రాయబూనినవారు సాధారణంగా 1591వ సంవత్సరంతో ప్రారంభిస్తారు. మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ నదికి దక్షిణపు ఒడ్డున ఈ నగరానికి పునాది వేసిన విషయం, నాలుగు వీధుల కూడలిలో చార్మినారును నిలిపిన విషయం విద్యార్థి లోకానికి విదితమే. అటుపిమ్మట గోలకొండ వజ్రాలు, ఆసఫ్ జాహీల సిరిసంపదలు, ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఇటీవలి కాలపు అద్దాల మేడలు వరుసగా వర్ణింపబడతాయి. ఇవన్నీ సత్యములే. కాని చార్మినారుపై గచ్చుతో లతలను, పువ్వులను తీర్చిన పనివారెవరో మనకు తెలియదు. 1939లో ప్రారంభోత్సవం జరుపుకున్న ఆర్ట్స్ కళాశాల భవనానికి రూపకల్పన చేసిన బెల్జియం దేశస్థుడు జాస్పర్ పేరు పుస్తకాలలో ఉన్నది. ఆ గులాబి వన్నె రాతిని ఉలితో చెక్కిన వందలాది చేతుల పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

నగరమంటే భవనాల సముదాయం కాదు, పనుల సముదాయం. ఈ దృష్టితో చూచినప్పుడు హైదరాబాదులో ఒక విశేషం గోచరిస్తుంది. ఇక్కడ తయారయ్యే వస్తువేదీ ఒకే కులంవారి చేతిలోనో, ఒకే మతంవారి చేతిలోనో, ఒకే భాషవారి చేతిలోనో మొదలై అక్కడే పూర్తి కాదు. ఒకరు మొదలుపెట్టిన పనిని మరొకరు అందుకుంటారు, ఇంకొకరు ముగిస్తారు. ‘గంగా జమునా తహజీబ్’ అని సభలలో మనం వల్లించే మాటకు నిజమైన ఆధారం ముషాయిరాలలో కన్న ఖార్ఖానాలలోనే ఎక్కువగా కనిపిస్తుందని నా అభిప్రాయం. ఆ సంగతిని కొన్ని ఉదాహరణలతో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా నగరంలోని పేటల పేర్లను గమనించండి. పని కోసం వచ్చినవారి జాబితా వంటివి అవి. వర్తకుల బిడారులు దిగిన చోటు కార్వాన్. నిజాముల సైన్యంలో కొలువు చేయడానికి యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు నివసించిన స్థలం బార్కస్. ‘బ్యారక్స్’ అనే ఆంగ్ల పదం అరబ్బుల నోట ఆ రూపం ధరించింది. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీ ఆశ్వికులకు చెందిన ‘ఆఫ్రికన్ కేవల్రీ గార్డ్స్’ పేరు కాలక్రమాన కుదించుకుపోయి ఏ.సి. గార్డ్స్ అయినది. ఆ పేటలో నివసించే విద్యార్థులలోనే ఈ సంగతి తెలియనివారు అనేకులు; ‘ఏ.సి.’ అంటే చల్లదనం యంత్రమని చెప్పినవాడు మా తరగతిలోనే ఉన్నాడు. ఉత్తర హిందూస్థానం నుంచి కాయస్థులు, ఖత్రీలు వచ్చి దర్బారు లెక్కలను పారసీకంలో వ్రాశారు. మార్వాడీలు, గుజరాతీలు బేగంబజారులో కొట్లు తెరిచారు. 1806లో సికందర్ జా పేర సికింద్రాబాదు వెలసిన పిదప ఇంగ్లీషువారి దండుతోబాటు తమిళులు తరలివచ్చారు. 1874లో రైలు వచ్చింది, లాలాగూడలో రైల్వే ఖార్ఖానా వచ్చింది, వాటితో ఆంగ్లో ఇండియనులు, మరికొందరు తమిళులు, చుట్టుప్రక్కల పల్లెల నుంచి తెలుగువారు వచ్చారు. ఇరానీయులు బొంబాయి, పూనాల మీదుగా వచ్చి వీధి మూలలలో చాయ్ హోటళ్లు పెట్టారు. అయితే వీరందరి రాకకు పూర్వమూ, పిమ్మటా ఈ నేలపై మట్టి తవ్వినవారు, రాయి కొట్టినవారు, కూరగాయలు పండించి తెచ్చినవారు, బట్టలు ఉతికినవారు అత్యధికంగా తెలుగువారే. వారు ఎక్కడినుంచో వచ్చినవారు కారు గనుక వారి పేర పేటలు తక్కువ.

ఇప్పుడు ఒక్క వస్తువును తీసుకొని పరిశీలిద్దాము. చార్మినారుకు పడమటగా సాగే లాడ్ బజారులో లక్క గాజులు అమ్ముతారు. ఆ పేరులోని ‘లాడ్’ అంటే గారాబమని కొందరు, లక్కకు సంబంధించినదని మరికొందరు చెబుతారు. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలపై ఒక చిన్న పురుగు స్రవించే జిగురే లక్క. ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవులలో ఆదివాసులు దానిని కొమ్మలనుంచి గీకి సేకరిస్తారు. శుద్ధి అయిన లక్క హైదరాబాదు చేరిన తరువాత పాతబస్తీ ఇరుకు గదులలో బొగ్గుల కుంపటి ముందు కూర్చున్న కారిగరు దానిని కరగించి, రంగు కలిపి, మెత్తగా ఉన్నప్పుడే సన్నని కడ్డీలాగా సాగదీసి, వలయంగా వంచి అతుకుతాడు. అతుకు కనిపించకుండా నునుపు చేయడమే ఈ పనిలోని కష్టం. లక్క చల్లారితే వంగదు, వేడెక్కువైతే కారిపోతుంది. ఆ మధ్యనున్న క్షణాన్ని వ్రేళ్లే గుర్తుపట్టాలి. ఏ కొలమానమూ లేదు. అందుకే పాత కారిగర్ల వ్రేళ్ల చివరలు గట్టిపడి ఉంటాయి.

అంతటితో గాజు పూర్తి కాదు. దానిపై అద్దాలు, రాళ్లు, పూసలు పొదగాలి. ఈ పని చాలావరకు ఇళ్లలో స్త్రీలు చేస్తారు. మగవాడు బజారుకు వెళ్లిన తరువాత, వంట ముగిసిన తరువాత, పిల్లలు పడుకున్న తరువాత దీపం క్రింద కూర్చుని ఒక్కొక్క రాయిని వేడి లక్కలో అద్దుతారు. కూలి రోజు లెక్కన కాదు, పని లెక్కన. దుకాణపు అద్దాల పెట్టెలో మెరిసే గాజు ధరకు, దానికి రాళ్లు పొదిగిన చేతికి ముట్టిన కూలికి మధ్యనున్న దూరం చాలా పెద్దది. ఈ వృత్తిని పొగిడేటప్పుడు మరొక సంగతిని దాచకూడదు. 2015 జనవరిలో పాతబస్తీలోని గాజుల ఖార్ఖానాల నుంచి బీహారుకు చెందిన రెండు వందలకు పైగా బాలురను పోలీసులు విడిపించారు. గాలి ఆడని గదులలో బొగ్గు సెగ ముందు గంటల తరబడి కూర్చోబెట్టబడిన పిల్లలు వారు. కళను కాపాడాలనే వారు ఆ చేతుల వయస్సును కూడా అడగవలసి ఉన్నది.

తయారైన గాజు ఎవరి చేతికి చేరుతుంది? ముస్లిం ఇంటి పెళ్లికూతురు చేతికి, హిందూ ఇంటి పెళ్లికూతురు చేతికి సమానంగా. శ్రావణమాసం వచ్చినా, రంజాను వచ్చినా లాడ్ బజారులో కాలు పెట్టడానికి చోటుండదు. ఆదివాసి సేకరించిన జిగురు, ముస్లిం కారిగరు వంచిన వలయం, పరదాలోని స్త్రీ పొదిగిన రాయి తెలంగాణ పల్లెలోని పసుపు పూసిన చేతికి అలంకారమవుతున్నది. ఈ నలుగురూ ఒకరి మొగమొకరు ఎన్నడూ చూచి ఉండరు.

రంజాను ప్రస్తావన వచ్చింది గనుక హలీం సంగతి కొంత చెప్పుకుందాము. దీనికి 2010లోనే భౌగోళిక గుర్తింపు లభించింది. గోధుమలను, మాంసాన్ని, నేతిని, మసాలాలను ఇటుకల భట్టీపై పది పన్నెండు గంటలు ఉడికించి, పొడవైన కొయ్య ఘోటాలతో ఇద్దరు ముగ్గురు మనుషులు చెమటోడ్చి మెదుపుతారు. అది ముస్లింల వంటకమని లోకం అనుకుంటుంది. కాని ఆ మాంసం ఎక్కడిది? తెలంగాణ పల్లెలలో గొల్ల, కురుమలు మేపిన గొర్రెలు జియాగూడ మండీకి వస్తాయి. అక్కడ ఖురేషీలతో సమానంగా వ్యాపారం చేసే ఆరెకటికలు హిందువులు. వారి ఇళ్లలో మరాఠీ ఛాయగల భాష వినిపిస్తుంది. సాయంత్రం హోటలు ముందు వరుసలో నిలబడినవారి పేర్లు అడిగితే సగం పేర్లు రాములు, శ్రీనివాసులు అయి ఉంటాయి.

గృహనిర్మాణం ఇంతకన్న విస్తారమైనది. 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై నిర్మించిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తి అయినవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ రోడ్లు వెడల్పు చేసి పత్తర్‌గట్టీ వంటి రాతి బజారులను లేపింది. ఆ రాళ్లు కొట్టినవారు వడ్డెరలు. గుట్టను చూచి ఎక్కడ ఉలి పెడితే ఏ దిశగా చీలుతుందో చెప్పగల విద్య వారిది. మట్టి మోసినవారిలో పాలమూరు ప్రజలు ముఖ్యులు. వానలు కురవని, భూములు పండని ఆ జిల్లా నుంచి కుటుంబాలు కుటుంబాలే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి తరలివెళ్లేవి. దేశంలోని ఎన్నో ఆనకట్టల క్రింద పాలమూరు చెమట ఉన్నదని చెప్పడం అతిశయోక్తి కాదు. అడ్వాన్సు తీరేవరకు మనిషి తనది కాడు; తీరేలోగా ఇంట్లో పెళ్లో, చావో వచ్చి మరొక అడ్వాన్సు పడుతుంది.

నేడు నగరానికి పడమటి దిక్కున లేస్తున్న ముప్పది, నలుబది అంతస్తుల మేడలలో ఈ గొలుసు మరింత పొడవైనది. ఇటుక బట్టీలలో పనిచేసేవారు ఒడిశాలోని బొలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి చలికాలంలో వచ్చి వానలకు ముందు వెళ్లిపోతారు. భార్య మట్టి కలుపుతుంది, భర్త అచ్చు పోస్తాడు, పిల్లలు ఆరిన ఇటుకలను తిప్పుతారు. ఆ పిల్లలకు బడి ఒడియాలోనా, తెలుగులోనా అనే ప్రశ్నకు ఏళ్లు గడిచినా తృప్తికరమైన సమాధానం దొరకలేదు. సెంట్రింగు పనిలో బీహారు, బెంగాలువారు, పాలరాతి పనిలో రాజస్థానువారు, గోడలు లేపడంలో మన సుతారి మేస్త్రీలు, రంగులు వేయడంలో, నీటి గొట్టాలు బిగించడంలో పాతబస్తీ యువకులు కనిపిస్తారు. ఒక గది గోడలో ఇటుక ఒడియా, సున్నం తెలుగు, నేల మార్వాడీ, కుళాయి దక్కనీ!

ఇంకా మేస్త్రీ కాలేనివారు, ఏ గుంపులోనూ లేనివారు ఉదయం ఆరు గంటలకు అడ్డా మీద నిలబడతారు. నగరంలో ప్రతి పెద్ద కూడలికి ఒక అడ్డా కలదు. తాపీ, రసమట్టం సంచిలో పెట్టుకున్న మేస్త్రీ ఒక ప్రక్క, బ్రష్షు చేతబట్టిన పెయింటరు ఒక ప్రక్క, ఏ పనిముట్టూ లేక రెండు చేతులే చూపించే కూలీ మరొక ప్రక్క ఉంటారు. టిఫిన్ డబ్బా అందరి దగ్గరా ఉంటుంది. పని దొరకనినాడు కూడా ఆ డబ్బా ఇంటినుంచి బయలుదేరవలసిందే. స్కూటరు వచ్చి ఆగగానే పదిమంది మూగుతారు. ఎనిమిది గంటలప్పుడు చెప్పిన కూలి పదయ్యేసరికి తగ్గుతుంది. పది దాటితే ఆ రోజు లేనట్లే. స్త్రీలకు అదే తట్ట, అదే మెట్లు, కాని కూలి తక్కువ. ఎందుకని అడిగితే మేస్త్రీ దగ్గర సమాధానం ఉండదు, ‘అది మొదటినుంచీ అంతే’ అనే మాట తప్ప.

ఇక నా హృదయానికి సన్నిహితమైన వీధి ఛత్తా బజారు. పుస్తకాలు, పత్రికలు, శుభలేఖలు అచ్చయ్యే వీధి అది. ఉర్దూ నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు ఒకదానిపై ఒకటి వాలి, ప్రక్క అక్షరాన్ని బట్టి రూపు మార్చుకుంటాయి. సీసపు అచ్చులకు ఆ వయ్యారం లొంగలేదు. అందువల్ల ఇరవయ్యవ శతాబ్దం చివరిదాకా ఉర్దూ పత్రికలు చేతివ్రాతతోనే వెలువడ్డాయి. రాత్రి వార్త రాగానే కాతిబు మోకాలిపై పలక పెట్టుకుని, రెల్లు కలంతో, ప్రత్యేకమైన సిరాతో వ్రాస్తాడు; ఆ వ్రాత రాతిమీదికో, రేకుమీదికో ఎక్కి తెల్లవారేసరికి పత్రిక అవుతుంది. ఒక శీర్షిక మారితే పేజీ తిరిగి వ్రాయవలసిందే. 1949లో ఆరంభమైన ‘సియాసత్’ వంటి పత్రికలను దశాబ్దాలపాటు పాఠకులకు అందించినది ఈ వ్రేళ్లే.

అదే వీధుల ప్రక్కనున్న తెలుగు ముద్రణాలయాలలో కంపోజిటరు నిలబడి ఉండేవాడు. ఎదురుగా అరలు అరలుగా కేసు. ఒక అరలో ‘క’, ఒక అరలో గుడి, ఒక అరలో వట్రసుడి, మరొక అరలో ఒత్తులు. చూడకుండానే చేయి అరలోకి పోవాలి, పంక్తిని తలక్రిందులుగా చదవగలగాలి. తెలుగు అచ్చు తప్పులకు కోపగించే మన పండితులు ఆ కేసు ముందు ఒక్క పూట నిలబడి చూచి ఉంటే కొంత శాంతించేవారు. కాతిబు కూర్చుని కండ్లు పోగొట్టుకున్నాడు, కంపోజిటరు నిలబడి కాళ్లు పోగొట్టుకున్నాడు, సీసపు ధూళి కూడా పీల్చాడు. 1990ల నాటికి కంప్యూటరు వచ్చి ఇద్దరినీ ఒకేసారి ఇంటికి పంపింది. కాతిబులు కొంతకాలం శుభలేఖలు, దుకాణాల బోర్డులు వ్రాశారు. వారిలో తెలుగు చదవడం రాకపోయినా తెలుగు అక్షరాన్ని బొమ్మను గీసినట్లు ముచ్చటగా దించినవారున్నారు. తలకట్టు ఎంత వంచాలో వారికి చేతితో తెలుసు. తరువాత ఫ్లెక్సీ బ్యానరు వచ్చింది. ఆ పనీ పోయింది. నేడు ఛత్తా బజారులో ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు శుభలేఖలు ఒకే యంత్రంపై, ఒకే కుర్రవాడి చేతిమీదుగా అచ్చవుతున్నాయి. అక్షరం అందంగానే ఉన్నది. కాని వ్రాసినవాడెవరని అడగడానికి వీలులేదు.

అక్షరాన్ని గురించి చెప్పిన తరువాత మాటను గురించి చెప్పక తప్పదు. తెలుగు చెప్పే ముస్లిముణ్ణి గనుక ‘మీకు తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?’ అని నన్ను తరచు అడుగుతారు. ఉర్దూ మాట్లాడే తెలుగు మేస్త్రీని మాత్రం ఆ ప్రశ్న ఎవరూ అడగరు. పనిచోట అది సహజమని అందరికీ తెలుసు. ఒకసారి తరగతిలో ‘హమాలీ’ ఏ భాషా పదమని ప్రశ్నించాను. తెలుగని కొందరు, ఉర్దూ అని కొందరు వాదించుకున్నారు. మోయువాడు అనే అర్థంలో అది అరబ్బీ ‘హమ్మాల్’. దుకాణం, ఖరీదు, రసీదు, బాకీ, వసూలు, కిరాయి, మరమ్మతు, గుమాస్తా, దర్జీ – ఈ మాటలు లేకుండా తెలుగువాడు బజారులో ఒక్క గంట గడపలేడు. ‘మేస్త్రీ’ అయితే పోర్చుగీసువారి పదం. వీటిని ‘అన్యదేశ్యములు’ అని వ్యాకరణంలో విడిగా చూపించినా, వాడుకలో అవి ఏనాడో ఇంటివైనవి.

ఇచ్చిపుచ్చుకోవడం ఒక ప్రక్కనుంచే జరగలేదు. దక్కనీ ఉర్దూలో తోపుడు బండి ‘బండీ’యే. చింతచిగురుతో వండిన మాంసం ‘చిగుర్ గోష్త్’. పదాలకన్న లోతైనది వాక్య నిర్మాణం. ‘వస్తానని చెప్పాడు’ అని మనం అంటాము. ‘ఆతుఁ బోల్కే బోలా’ అంటాడు హైదరాబాదీ. ఢిల్లీ, లక్నోలవారికి వింతగా తోచే ఆ ‘బోల్కే’ మన ‘అని’ చేసే పనినే చేస్తున్నది. అంటే దక్కనీ మాట ఉర్దూ అయినా నడక తెలుగు మొదలైన ద్రావిడ భాషలది. భాషావేత్తలు దీనిని గురించి విస్తారంగా చర్చించారు. పండితుల సంప్రదింపులతో జరిగిన మార్పు కాదిది. బేరమాడేచోట, బరువు దించేచోట, కూలి లెక్క చూచుకునేచోట శతాబ్దాలపాటు జరిగినది.

కాని కచేరీలో ఈ స్నేహం సాగలేదని ఒప్పుకోవాలి. 1884లో పారసీకం స్థానంలో ఉర్దూ నిజాం రాజ్యపు అధికార భాష అయినది. జనాభాలో అధికులైన తెలుగువారి భాషకు కార్యాలయంలో తావు లభించలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, 1966లో తెలుగు అధికార భాషగా చట్టం వచ్చిన తరువాత పరిస్థితి తిరగబడింది. ఒకప్పుడు తెలుగు పిల్లవాడు ఉర్దూ రాక ఏ గడప వద్ద నిలిచిపోయాడో, తరువాత ఉర్దూ పిల్లవాడు తెలుగు రాక అదే గడప వద్ద నిలిచాడు. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయినది. చట్టం మంచిదే. అడ్డా మీది మనుషులు మాత్రం ఏ చట్టంకోసమూ ఆగకుండా రెండు భాషలూ నేర్చుకున్నారు.

పెద్ద పరిశ్రమల చరిత్ర అందరూ ఎరిగినదే గనుక క్లుప్తంగా చెబుతాను. 1930లో వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ, 1942లో ఆల్విన్ వెలిశాయి. 1932లో 27 బస్సులతో నిజాం ప్రభుత్వ రోడ్డు రవాణా ప్రారంభమైనది. 1961లో స్థాపితమైన ఐ.డి.పి.ఎల్. బాలానగరులో మందుల కర్మాగారాన్ని నెలకొల్పింది. ఆ కర్మాగారం క్షీణించి మూతపడినా అక్కడ పని నేర్చినవారి ద్వారా నగరం ఔషధ పరిశ్రమకు కేంద్రమైనది. అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. ఈ కర్మాగారాలలో నెల జీతం, క్వార్టరు, ఆసుపత్రి, పింఛను ఉండేవి. కార్మికుని కొడుకు ఇంజనీరు కావడానికి అవే మెట్లయినవి. 1998లో సైబర్ టవర్స్ వెలసిన తరువాత ఆ ఇంజనీర్లకు మాదాపురంలో కొలువులు దొరికాయి. ఒక్కొక్క ఇంజనీరు చుట్టూ కారు నడిపేవాడు, గేటు కాచే అస్సామీ, గచ్చు తుడిచే పాలమూరు స్త్రీ, హాస్టలులో వండే గోదావరి జిల్లా వంటమనిషి, అన్నం పొట్లం మోసుకువచ్చే కుర్రవాడు చేరారు. వీరిలో చాలామందికి పాత కర్మాగారాలు ఇచ్చిన భద్రత లేదు. మోటారు షెడ్డులో చేరిన పిల్లవాడికి తిట్టినా కొట్టినా ఒక ఉస్తాద్ ఉండేవాడు, పని నేర్పేవాడు, ఈదుకు కొత్త బట్టలు పెట్టేవాడు. పొట్లం మోసే కుర్రవాడి యజమాని సెల్‌ఫోనులో ఉన్నాడు. ఆలస్యమైతే డబ్బు కోస్తాడు. ఎందుకు ఆలస్యమైనదని అడగడు.

ఇంతమంది చేతులమీదుగా సాగే గొలుసు తెగినప్పుడే దాని విలువ తెలుస్తుంది. 1978, 1983, 1990 సంవత్సరాలలో మత కలహాలు చెలరేగి పాతబస్తీలో కర్ఫ్యూ విధించిన రోజులను పెద్దలు ఇంకా జ్ఞాపకం చేసుకుంటారు. చనిపోయినవారి సంఖ్య పత్రికలలో వచ్చేది. కుంపటి వెలగని గాజుల ఇళ్ల సంఖ్య, పాలు చేరని వీధుల సంఖ్య, శంషాబాదునుంచి కూరగాయల గంపతో వచ్చి పోలీసు అడ్డంకి వద్ద కూర్చుండిపోయిన స్త్రీల సంఖ్య ఎవరూ వేయలేదు. నెల జీతగానికి కర్ఫ్యూ సెలవు. రోజు కూలీకి పస్తు. ఆ పస్తు హిందువుకూ, ముస్లింకూ ఒక్కటే. గొర్రె రాకపోతే ఖురేషీ దుకాణం తెరవడు, ఖురేషీ దుకాణం తెరవకపోతే గొల్లవాని గొర్రె అమ్ముడు కాదు.

2020లో వచ్చిన గొలుసు తెంపు మరొక విధమైనది. మార్చి చివర దేశమంతటా లాక్‌డౌన్ ప్రకటించగానే నగరంలోని కట్టడాలన్నీ ఆగిపోయాయి. అప్పటిదాకా మనకు కనబడని మనుషులు ఒక్కసారిగా రోడ్లమీద కనబడ్డారు. చంకలో పిల్ల, నెత్తిన మూట, పాదాలకు పొక్కులు. వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొదటి ప్రత్యేక రైలు ఆ సంవత్సరం మే 1వ తేదీన, కార్మిక దినోత్సవంనాడే, మన లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హతియాకు సుమారు 1200 మందితో బయలుదేరింది. లక్క వచ్చే రాష్ట్రానికే ఆ రైలు వెళ్లింది. వారు వెళ్లిన కొన్ని నెలలకే కాంట్రాక్టర్లు బస్సులు పంపి, రైలు టిక్కెట్లు కొనిపెట్టి వారిని తిరిగి పిలిపించుకున్నారు.

2011 జనాభా లెక్కల ప్రకారం మహానగరపాలిక పరిధిలో 67 లక్షలకు పైగా ప్రజలున్నారు. తెల్లవారుజామున చీపురు పట్టుకుని వీధిలోకి వచ్చే సఫాయి స్త్రీ మొదలు అర్ధరాత్రి హోటలు కడిగి తాళం వేసే కుర్రవాడి వరకు ఆ సంఖ్యలో ఉన్నారు. వారిలో కొందరి బిడ్డలు మన కళాశాలలో ఉన్నారు. కార్యవర్గ సభ్యుల దృష్టికి ఒక విషయం తీసుకురాదలచాను. ప్రతి టర్ములోనూ హాజరు తక్కువైనవారి జాబితా తయారవుతుంది. ఈ సంవత్సరం ఆ జాబితాలోని వారిని ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడాను. అధికసంఖ్యాకులు సోమరులు కారు. ఒకడు తెల్లవారుజామున పూల మండీలో బుట్టలు దించుతాడు, ఒకడు రాత్రి రెండు గంటల వరకు పొట్లాలు చేరవేస్తాడు, ఒక విద్యార్థిని తల్లితోబాటు గాజులకు రాళ్లు పొదుగుతుంది. గ్రంథాలయం నాలుగు గంటలకు మూసివేయడం వలన వీరిలో ఎవరికీ అది ఉపయోగపడడం లేదు. దానిని రాత్రి ఎనిమిది గంటల వరకు తెరచి ఉంచగలిగితే, మొదటి పీరియడును అరగంట వెనుకకు జరపగలిగితే ఆ జాబితా సగానికి తగ్గుతుందని నా నమ్మకం.

విద్యార్థులకు కూడా ఒక విన్నపం. మీ ఇంట్లో ఏ పని జరుగుతుందో ఆ పనిలోని మాటలను వ్రాసి ఇవ్వండి. పనిముట్టు పేరు, పని చెడితే అనే మాట, మంచిగా కుదిరితే అనే మాట, ఉస్తాద్ తిట్టే తిట్టుతో సహా. ఉర్దూ శాఖవారు ఒక వరుసలో, మేము మరొక వరుసలో వ్రాస్తాము. ఇప్పటికి దర్జీ ఇంటినుంచి వచ్చిన విద్యార్థిని కాజా, గుండీ, అస్తరు మొదలైన పదాలతో రెండు పుటలు నింపింది. మోటారు షెడ్డు నుంచి ఒకటిన్నర పుట వచ్చింది. పుస్తకం తెలుగు శాఖ గదిలో కిటికీ ప్రక్క బల్లమీద ఉన్నది. శనివారాలు నేను మధ్యాహ్నం రెండు గంటల వరకు అక్కడే ఉంటాను.